ఆటో అమ్ముడుపోక ముందే

ప్రతి ఏటా రమజాన్ మాసం సమీపించగానే జకాత్ విషయమై మమ్మల్ని అడిగే ప్రశ్నలలో ఒకటి తప్పక ఉంటుంది: “సొంత ఇల్లు, ఆటో ఉన్నవానికి జకాత్ ఇవ్వవచ్చునా హజరత్?” అని. అడిగేవారిలో పలువురు ‘ఇవ్వరాదు’ అన్న జవాబును వెంటబెట్టుకొనే వస్తారు. ముప్పై ఏళ్ళుగా మద్రసాలో ఈ అధ్యాయం బోధిస్తున్నాము గనుక మాకు ఈ మస్‌అలా కొత్తది కాదు. అయితే ఒక పిల్లవాని చికిత్స సాగడమో ఆగిపోవడమో ఈ జవాబు మీద ఆధారపడి ఉండటాన్ని ఈ మధ్య దగ్గరగా చూశాము. అందువల్లనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఖమ్మం జిల్లాలో మాది చిన్న ఊరు. సాయంకాలం మా మద్రసాకు ఖుర్‌ఆన్ నాజిరా చదవడానికి వచ్చే పిల్లలలో తొమ్మిదేళ్ళ బాలుడు ఒకడు. తండ్రి ఆటో నడుపుతాడు. పిల్లవానికి నెల రోజులపాటు జ్వరం వస్తూ పోతూ ఉండేది. కాళ్ళ మీద నీలిరంగు మచ్చలు కనిపించాయి. మొదట టైఫాయిడ్ అన్నారు, తరువాత రక్తం తక్కువగా ఉన్నదన్నారు. చివరకు రక్తపరీక్ష చూసిన ఒక వైద్యుడు ఆ సాయంకాలమే హైదరాబాదు బయలుదేరమన్నాడు. అక్కడ ఎముక మూలుగ పరీక్షించి అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అని నిర్ధారించారు. పిల్లలకు వచ్చే కాన్సర్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఈ రక్తపు కాన్సరే. చికిత్స పూర్తిగా అందితే అధికశాతం పిల్లలు కోలుకునే వ్యాధి ఇది. కానీ ఆ చికిత్స రెండు నుండి మూడేళ్ళు సాగుతుంది.

ఆ కుటుంబానికి ఆరోగ్యశ్రీ వర్తించింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన ఈ పథకం పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెంచారు. దీనివల్ల ఎన్నో ఇళ్ళు నిలబడ్డాయి. ఆ మేలును గుర్తించకపోవడం కృతఘ్నత. పిల్లవాని సూదిమందులకు, పడకకు తండ్రి రూపాయి కట్టవలసిన పని లేకపోయింది. ఈ సంగతి ఊరంతటికీ తెలిసింది. తెలియగానే ఊరి జాలి సగానికి తగ్గింది. మొదటి నెలలో జుమా నమాజు తరువాత తువ్వాలు పరచి చందా వసూలు చేసి ఇచ్చినవారే ఆరో నెలలో “సర్కారు అంతా ఉచితంగా చేస్తున్నది కదా, ఇంకా ఏమి కావాలట?” అనసాగారు.

ఆ రోజుల్లోనే తండ్రి మా వద్దకు వచ్చాడు. “హజరత్, డాక్టరుగారు నన్ను పైసా అడగలేదు. అయినా నా చేతిలో పైసా నిలవటంలేదు. ఇదెట్లా అవుతున్నదో నాకే తెలియటంలేదు” అన్నాడు. మేము అతన్ని కూర్చోబెట్టి కాగితం, కలం తీసుకున్నాము. వారసత్వపు వాటాలు కట్టి ఇవ్వడం మా పనిలో భాగమే గనుక లెక్కలంటే మాకు విసుగు లేదు.

మొదటి ఆరు నెలల్లో, అనగా 180 రోజుల్లో, ఆటో రోడ్డెక్కినవి 70 రోజులు. గ్యాసు ఖర్చు పోగా రోజుకు 800 రూపాయలు మిగిలేవి. తిరగని 110 రోజులకు 88,000 రూపాయలు రాకుండా పోయాయి. ఈ మొత్తం ఆసుపత్రి వారి ఏ కాగితంలోనూ కనిపించదు, ఎందుకంటే ఇది ఖర్చయిన డబ్బు కాదు, రాని డబ్బు. ఆటో తిరిగినా తిరగకపోయినా ఫైనాన్సు కిస్తీ మాత్రం నెలనెలా కట్టవలసిందే.

దారి ఖర్చుల సంగతి చూద్దాము. మాకు హైదరాబాదు సుమారు రెండు వందల కిలోమీటర్లు. మహాలక్ష్మి పథకం వచ్చినప్పటి నుండి ఎక్స్‌ప్రెస్ బస్సులో తల్లికి టికెట్ లేదు. అది గొప్ప ఊరట. కానీ తెల్లకణాలు పడిపోయిన పిల్లవానిని కిక్కిరిసిన బస్సులో ఎక్కించవద్దని వైద్యులు చెబుతారు. కీమోథెరపీ జరుగుతున్న పిల్లవానికి జ్వరం వస్తే తెల్లవారే దాకా ఆగడానికి వీలుండదు. కొన్ని గంటల ఆలస్యం ప్రాణం మీదికి తేగలదు. అటువంటి రాత్రులు ఆ ఆరు నెలల్లో నాలుగు వచ్చాయి. నాలుగుసార్లూ కారు మాట్లాడుకొని బయలుదేరారు. నాలుగోసారి కారు కిరాయి పొరుగున ఉన్న కిరాణా దుకాణం యజమాని ఇచ్చాడు. ఆయన పేరు ఎక్కడా చెప్పవద్దని మా వద్ద మాట తీసుకున్నాడు.

ఇక గది. ఈ పిల్లలకు బయటి తిండి పెట్టరాదు. కాచి చల్లార్చిన నీరే త్రాగించాలి, అప్పటికప్పుడు వండిన అన్నమే పెట్టాలి. అందుకొరకు ఆసుపత్రి సమీపంలో గది అద్దెకు తీసుకొని, పొయ్యి, పాత్రలు మరల సమకూర్చుకున్నారు. ఒక సంసారం రెండు ఇళ్ళయింది. ఊళ్ళోని ఇంట్లో మంచం పట్టిన దాదీ, నాలుగేళ్ళ చెల్లెలు, పదో తరగతి చదువుతున్న అక్క మిగిలారు. వంట చేయడానికి, చెల్లెలిని చూసుకోవడానికి మరెవరూ లేరు గనుక అక్క బడి మానింది. ఈ పద్దును ఏ అంకెతో వ్రాయాలో మాకు తోచలేదు. కాగితం మీద ఆ గడిని ఖాళీగా వదలివేశాము.

అప్పుల వరుస అందరికీ తెలిసినదే. ముందు తల్లి గాజులు కుదువకు పోయాయి, తరువాత రోజువారీ ఫైనాన్సువాని దగ్గర వడ్డీకి తెచ్చారు. వడ్డీ హరామ్ అని ఆ తండ్రికి తెలియదా? మా జుమా ప్రసంగాలు వినేవాడే. వడ్డీని గురించి మింబర్ మీద గంటసేపు మాట్లాడగల మనం, కర్జె హసన్ ఇచ్చే చిన్న పెట్టె ఒకటైనా మస్జిద్‌లో పెట్టుకోకపోతే, రాత్రి పదకొండు గంటలకు జ్వరంతో కాలిపోతున్న బిడ్డను ఎత్తుకున్నవాడు ఎవరి తలుపు తట్టాలి? అన్నీ పోయిన తరువాత మిగిలినది ఆటో. కొనడానికి మనిషి కూడా దొరికాడు. బేరం కుదిరే దశలో ఉన్నది.

ఇక్కడ కొంచెం ఆగి, విశాల ప్రపంచంలో ఈ వ్యాధి పరిస్థితి ఎట్లా ఉన్నదో చెప్పవలసి ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 4 లక్షల మంది పిల్లలు, కౌమార వయస్కులు కాన్సర్ బారిన పడుతున్నారు. సంపన్న దేశాలలో వారిలో 80 శాతానికి పైగా కోలుకుంటున్నారు. అనేక పేద, మధ్యాదాయ దేశాలలో కోలుకునేవారు 30 శాతం కూడా లేరు. వ్యాధిని ఆలస్యంగా గుర్తించడం, తప్పుగా గుర్తించడం, చికిత్స అందకపోవడం ఇందుకు కారణాలు. వీటితోపాటు ఆ సంస్థ పేర్కొనే మరొక కారణం, మొదలుపెట్టిన చికిత్సను కుటుంబం మధ్యలో వదలివేయడం. 2030 నాటికి కనీసం 60 శాతం మంది పిల్లలు బ్రతకాలన్న లక్ష్యంతో 2018లో ఆ సంస్థ ఒక కార్యక్రమాన్ని ఆరంభించింది.

మందుల విషయానికి వస్తే తెలుగువారు తెలుసుకోదగిన సంగతి ఒకటి ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన పరిశోధనల నుండి ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందులు వెలువడ్డాయి. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్ ఇచ్చినప్పుడు లుకేమియా పిల్లలలో వ్యాధి కొంతకాలం వెనుకకు తగ్గినట్లు బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించాడు. అంతకు ముందు ఈ వ్యాధికి వైద్యుల వద్ద చెప్పుకోదగిన మందు లేదు. సుబ్బారావు అదే సంవత్సరం మరణించాడు. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ మాత్రను మా ఊరి పిల్లవాడు నేటికీ వారానికొకసారి మింగుతున్నాడు. ఎప్పటిదో పాత మాత్ర అది, చవకైన మాత్ర. ఆ మాత్ర ఇచ్చే కిటికీ దాకా పోవడమే ఖరీదు.

ఈ మాటను మేము ఊహించి అనటంలేదు. బ్రెజిల్ దేశంలో వెనుకబడిన ఈశాన్య ప్రాంతపు నగరం రెసీఫే. అక్కడ 1980 దశకంలో ఈ లుకేమియాకు చికిత్స ఆరంభించిన పిల్లలలో 16 శాతం మంది మధ్యలో మానివేసేవారు. వ్యాధి తిరగబెట్టకుండా అయిదేళ్ళు గడిపినవారు 32 శాతమే. ఆ తరువాత ఆసుపత్రివారు చికిత్సా విధానాన్ని మెరుగుపరచి, ప్రత్యేక శిక్షణ గల నర్సులను నియమించారు. వాటితోపాటు దూరం నుండి వచ్చే కుటుంబాలకు బస, భోజనం, ప్రయాణ ఖర్చులు చూసే ఏర్పాటు చేశారు. 1997-2002 మధ్య కాలానికి మానివేసేవారు అర శాతానికి తగ్గారు. అయిదేళ్ళు క్షేమంగా గడిపినవారు 63 శాతానికి పెరిగారు. ఈ మేలంతా బస్సు చార్జీ వల్లనే కలిగిందని చెప్పడం సరికాదు. అయితే బస్సు చార్జీ లేనివాడు ఎంత మెరుగైన చికిత్సనైనా చేరుకోలేడు గదా.

మానివేసే ప్రమాదం ఎప్పుడు ఎక్కువో కూడా గమనించాలి. తొలి నెలల్లో కుటుంబం భయంతో ఉంటుంది, బంధువులు వస్తారు, చందాలు వస్తాయి. ఆ దశ దాటిన తరువాత ‘మెయింటెనెన్స్’ అనే సుదీర్ఘమైన దశ మొదలవుతుంది. పిల్లవానికి జుట్టు మొలుస్తుంది, బుగ్గలు వస్తాయి, వీధిలో ఆడుకుంటాడు. చూసినవారందరూ “మాషా అల్లాహ్, నయమైపోయింది” అంటారు. చేతిలో డబ్బు అయిపోయేదీ, అప్పులవాడు ఇంటిముందు నిలబడేదీ అప్పుడే. ‘ఈ నెల పోకపోతే ఏమవుతుంది’ అన్న ఆలోచన అక్కడ పుడుతుంది. పైకి కనిపించని కణాలు శరీరంలో మిగిలి ఉంటాయి గనుకనే ఆ మాత్రలు అంతకాలం ఇస్తారు. మధ్యలో మానివేసి వ్యాధి తిరగబెడితే రెండవసారి చికిత్స మరింత కఠినం, మరింత ఖరీదు. కోలుకునే అవకాశమూ తక్కువ.

మందులు మాని ఫలానా ఆమిల్ వద్దకు పొమ్మనీ, ఆకు పసరు త్రాగించమనీ చెప్పిన పెద్దలు కూడా ఉన్నారు. దుఆ చేయండి, చేయించండి; మేమూ చేస్తున్నాము. కానీ అల్లాహ్ ఏ వ్యాధిని దింపినా దానికి చికిత్సను కూడా దింపాడని దైవప్రవక్త (స) తెలిపినట్లు బుఖారీలో ఉన్నది. ఉన్న చికిత్సను వదలుకోవడానికి తవక్కుల్ పేరును వాడుకోవడం తగదు.

ఇప్పుడు ఫిఖ్హ్ విషయానికి వస్తాము. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలను అల్లాహ్ తౌబా సూరా 60వ ఆయత్‌లో నిర్ణయించాడు. వాటిలో నిరుపేదలను, అక్కర గలవారిని మనం ఎరుగుదుము. గారిమీన్, అనగా రుణగ్రస్తులు కూడా అందులో ఉన్నారు. ఇబ్నుస్సబీల్, అనగా చేతిలో డబ్బు లేక పరాయి చోట చిక్కుకున్న బాటసారి కూడా ఉన్నాడు. మన జకాత్ పంపిణీలో ఈ రెండు పేర్లు వినిపించడం ఏనాడో తగ్గిపోయింది. బిడ్డ వైద్యం కొరకు అప్పు చేసి, రెండు వందల కిలోమీటర్ల దూరాన అద్దె గదిలో ఉంటున్న ఆటో డ్రైవరును ఈ పట్టీతో సరిచూడండి. ఎన్ని గడుల్లో అతని పేరు పడుతుందో మీకే తెలుస్తుంది.

అతనికి ఇల్లు ఉన్నది కదా, ఆటో ఉన్నది కదా అంటారు. హనఫీ ఫిఖ్హ్‌లో నివసించే ఇల్లు, ఇంటి సామాను, జీవనోపాధికి వాడే పనిముట్లు, వాహనం ప్రాథమిక అవసరాల క్రిందికి వస్తాయి. నిసాబ్ లెక్కలో వాటిని చేర్చరు. వాటిని మినహాయించి, అప్పును తీసివేసి, మిగిలినది 612 గ్రాముల వెండి విలువకు తక్కువైతే అతడు జకాత్‌కు అర్హుడే. ఆరోగ్యంగా ఉండి సంపాదించుకునేవాడైనా నిసాబ్ లేనివానికి జకాత్ ఇవ్వవచ్చునని హిదాయా గ్రంథంలో స్పష్టంగా ఉన్నది. “భార్యకు బంగారం ఉన్నదట” అన్నది మరొక ఆక్షేపణ. ఇస్లాంలో భార్య ఆస్తి భార్యదే. దానితో భర్త ధనికుడైపోడు. ఈ మస్‌అలాను స్త్రీలు ఇంట్లో చర్చించుకోవడం మంచిది, ఎందుకంటే జకాత్ ఎవరికివ్వాలన్న నిర్ణయం చాలా ఇళ్ళలో వారి మాట మీదనే జరుగుతుంది.

అందుచేత ఆటో అమ్మిన తరువాతనే అతడు ‘నిజమైన పేద’ అవుతాడన్న ఆలోచన షరీఅత్‌లో లేదు. అది మనం కల్పించుకున్న నియమం. ఆటో అమ్మినవానికి జీవితాంతం జకాత్ ఇవ్వవలసి రావచ్చు. ఆటో నిలిచితే రెండు మూడేళ్ళు తోడ్పడితే సరిపోవచ్చు. హజ్రత్ ఖబీసా (రజి) ఉల్లేఖనం ఒకటి సహీహ్ ముస్లింలో ఉన్నది. ఆపద వచ్చిపడి సంపద నశించినవాడు, తన బ్రతుకు నిలదొక్కుకునేంతవరకు అడగవచ్చునని దైవప్రవక్త (స) అనుమతించారు. ‘నిలదొక్కుకునేంతవరకు’ అన్న ఆ హద్దును గమనించండి. అతనికి ఒకసారి ఇచ్చాము, ఇక చాలు అనే లెక్క అందులో లేదు.

మన పంపిణీ విధానం ఇందుకు తలక్రిందులుగా ఉన్నది. రమజాన్ ఇరవై ఏడవ రాత్రికి ముందు వంద, రెండు వందల రూపాయల నోట్లు చేసి గుమ్మం ముందు వరుస కట్టినవారికి పంచుతాము. ఎందరికి ఇచ్చామన్నది చెప్పుకోవడానికి బాగుంటుంది. ఒకే వ్యక్తికి నిసాబ్ అంత మొత్తం ఇవ్వడం మక్రూహ్ అని ఫుఖహా అన్న మాట నిజమే. రుణగ్రస్తునికి, కుటుంబ భారం గలవానికి అది వర్తించదని వారే అన్నారు. జకాత్‌ను సంవత్సరం పూర్తికాక ముందే చెల్లించడానికి కూడా అనుమతి ఉన్నది. హజ్రత్ అబ్బాస్ (రజి) అడిగితే దైవప్రవక్త (స) అనుమతి ఇచ్చారు. కనుక నిసాబ్ ఉన్నవాడు వచ్చే రమజాన్‌లో ఇవ్వవలసిన దానిని ఇప్పటి నుండే నెలనెలా ఇస్తూ, చివరకు లెక్క సరిచూసుకోవచ్చు. మూడేళ్ళు సాగే వ్యాధికి నెలనెలా అందే సాయమే పనికివస్తుంది.

కైరో నగరంలో ‘57357’ అనే పేరుతో పిల్లల కాన్సర్ ఆసుపత్రి ఉన్నది. విరాళాలు జమ చేసే బ్యాంకు ఖాతా సంఖ్యే దానికి పేరైపోయింది. ప్రజల విరాళాలతో నిర్మితమై 2007లో ప్రారంభమైన ఆ ఆసుపత్రిలో పిల్లలకు చికిత్స ఉచితం. లాహోరులో 1994లో మొదలైన షౌకత్ ఖానుం ఆసుపత్రి కూడా పేద రోగుల చికిత్సకు జకాత్ సొమ్మును వినియోగిస్తున్నది. మన వద్ద ఆసుపత్రి కట్టవలసిన అవసరం మొదటిది కాదని మా అభిప్రాయం. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో మెహ్దీ నవాజ్ జంగ్ పేరుతో ప్రభుత్వ కాన్సర్ ఆసుపత్రి ఉన్నది, పథకాలు ఉన్నాయి. లేనిది వాటికీ మన గుమ్మానికీ నడుమ ఉన్న దారి ఖర్చు. పైగా హనఫీ మతం ప్రకారం జకాత్ సొమ్ము అర్హుని చేతికి సొంతంగా అందాలి. గోడలకు, జీతాలకు అది చెల్లదు. దారి ఖర్చు, గది అద్దె, బియ్యం కొరకు తండ్రి చేతిలో పెట్టే డబ్బుకు ఆ చిక్కు లేనే లేదు. బస విషయంలో మరొక మాట: కాన్సర్ చికిత్సకు వచ్చిన పిల్లల కుటుంబాలకు ఉచితంగా వసతి ఇచ్చే సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్ 2006లో ముంబయిలో మొదలై హైదరాబాదులోనూ నడుస్తున్నవి. ఆసుపత్రి ద్వారానే అక్కడ చోటు దొరుకుతుంది గనుక, చికిత్స మొదలైన వారంలోనే వార్డులోని సామాజిక కార్యకర్తను అడగాలి. ఎవరూ పిలిచి చెప్పరు.

మా ఊరిలో ఏమి జరిగిందో చెప్పి ముగిస్తాము. జుమా తరువాత మస్జిద్ కమిటీ పెద్దలతో కూర్చొని, పైన చెప్పిన లెక్కల కాగితాన్నే వారి ముందు పెట్టాము. ఒకరిద్దరు వాదించారు. ఒక పెద్దాయన ఆ 88,000 అంకె మీద వ్రేలు పెట్టి చాలాసేపు చూశాడు; ఆయన కూడా ఒకప్పుడు లారీ నడిపినవాడే. పద్నాలుగు మంది తమ జకాత్‌ను నెలవారీగా ముందే ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ప్రతి నెలా మొదటి తేదీన ఆ సొమ్మును ఇద్దరు కలిసి తండ్రి చేతికి ఇస్తారు. ఎంత, ఎందుకు అని మస్జిద్‌లో చదవడం ఉండదు. వడ్డీ అప్పును ముందుగా తీర్చివేశారు. ఆటో బేరం రద్దయింది. తండ్రి హైదరాబాదులో ఉన్న రోజుల్లో అతని తమ్ముడు దానిని నడుపుతున్నాడు. ప్లేట్‌లెట్లు అవసరమైనప్పుడు పద్దెనిమిదేళ్ళు దాటిన మా పూర్వ విద్యార్థులు వెళ్ళి ఇచ్చి వచ్చారు. పక్క పడకలో నల్లగొండ వైపు నుండి వచ్చిన ఒక హిందూ కూలీ కుటుంబపు పాప ఉన్నది. రెండు కుటుంబాల తల్లులూ ఒకే పొయ్యి మీద వండుకుంటున్నారు. ఆ కుటుంబానికి జకాత్ పద్దు నుండి ఇవ్వరాదు గనుక నఫిల్ సదకా పద్దు నుండి దారి ఖర్చులు పంపుతున్నాము.

మెయింటెనెన్స్ ఇంకా పదకొండు నెలలు ఉన్నది. పిల్లవాడు ముప్పైయవ పారా చదువుతున్నాడు. మందు వేసుకున్న మరునాడు నీరసంగా ఉంటాడు గనుక ఆ రోజు వానికి సెలవు. కాగితం మీద ఖాళీగా వదిలిన ఆ గడి గురించి మా ఇంటివారు మాకు పదేపదే గుర్తుచేస్తూ వచ్చారు. అక్కను ఓపెన్ స్కూల్‌లో పదో తరగతికి చేర్చి ఫీజు కట్టించాము. పరీక్షల రోజుల్లో దాదీని, చిన్న చెల్లెలిని ఎవరి ఇంట్లో ఉంచుకోవాలన్నది మా వీధి స్త్రీలు ఇప్పుడు మాట్లాడుకుంటున్నారు.